ఛార్టు ఒకటి చెబితే, బాక్సు ఇంకొకటి చూపిస్తే

ఈ నెల ఉత్తరాల్లో సగం విమానాల దారుల గురించే ఉన్నాయి. రేణిగుంట నుంచి వచ్చిన ఉత్తరం చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఆరేళ్లు ఒక విమాన సంస్థ ఆఫీసులో నేను చేసిన పని అదే మరి. రిటైరై తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీద కూర్చుని కూడా గురువారం పొద్దున అయిదున్నరకి ఉలిక్కిపడి లేస్తాను. ఎందుకో కింద చెబుతాను.

ప్రశ్న: మా వాడు పైలట్ ట్రైనింగ్ ముగించి ఇప్పుడు పెద్ద విమానం సిమ్యులేటర్‌లో నేర్చుకుంటున్నాడు. సెలవుకి ఇంటికొచ్చి రాత్రంతా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. టేకాఫ్ తర్వాత పోవాల్సిన దారికి ఛార్టులో ఒక పేరుంటే విమానం కంప్యూటర్‌లో ఇంకో పేరుందట. ఛార్టులో లేని పాయింట్లు కంప్యూటర్‌లో కనిపిస్తాయట. డిగ్రీల్లో కూడా ఒకటి, రెండు తేడా. "రెండూ కలవకపోతే ఏది నమ్మాలి నాన్నా?" అంటే నేనేం చెప్పేది? నాది ఎరువుల అంగడి.
— ఒక తండ్రి, రేణిగుంట

జవాబు: ఎరువుల అంగడి అయితే మీకే బాగా తెలుసు సామీ. స్టాకు పుస్తకంలో యాభై మూటలు, గోడౌన్‌లో నలభై ఎనిమిది ఉన్నాయనుకోండి. వెంటనే కుర్రాడి మీద కేకలు వేయరు కదా. తడిసి పారేసిన రెండు మూటలు రాయడం మరిచారేమో చూస్తారు. కారణం దొరికితే అది తేడానే కాదు. దొరక్కపోతే మాత్రం ఆ రోజు లెక్క మూయరు. మీ వాడు నేర్చుకోవాల్సింది కూడా ఇంతే. ఏ తేడాకి కారణం ఉంది, ఏ తేడాకి లేదు అన్నది.

ఛార్టు మనిషి చదవడానికి రాసింది. "నేరుగా ఎక్కి 1500 అడుగులు దాటాక కుడికి తిరిగి ఫలానా పాయింటుకి పో" అని ఉంటుంది. కంప్యూటర్‌కి, అంటే పైలట్లు బాక్సు అని పిలిచే ఎఫ్‌ఎంసికి (ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌కి), ఈ వాక్యం అర్థం కాదు. దానికి దారిని ముక్కలు చేసి ఇవ్వాలి. ప్రతి ముక్కకీ రెండక్షరాల కోడు ఉంటుంది. ఎరింక్ 424 అనే ప్రమాణంలో ఇలాంటి ముక్కలు 23 రకాలు. పై వాక్యంలో మొదటి ముక్క సిఎ, అంటే ఈ దిక్కు పట్టుకుని ఇంత ఎత్తు వచ్చేదాకా పో. రెండోది డిఎఫ్, అంటే ఉన్నచోటి నుంచి నేరుగా ఆ పాయింటుకి పో. కోడు రాసేవాడు డిఎఫ్‌కి బదులు సిఎఫ్ అని రాస్తే పాయింటు అదే, చేరే గీత మాత్రం వేరు. అది ముందే గీసి ఉన్న గీత మీదికి వచ్చి, ఆ గీత పట్టుకుని పాయింటుకి పోవడం. ఛార్టు వాక్యం స్పష్టంగా లేనప్పుడు ఎవరో ఎక్కడో కూర్చుని ఈ రెండింట్లో ఒకటి ఎంచుకున్నారని గుర్తుంచుకోవాలి.

ఇంకో చిక్కుంది. "1500 అడుగులు లేదా 3 మైళ్లు, ఏది తర్వాత అయితే అప్పుడు తిరుగు" అని కొన్ని ఛార్టుల్లో రాసి ఉంటుంది. మనిషికి ఇది పసిపిల్లల లెక్క. బాక్సు ముక్కకి మాత్రం ముగింపు ఒక్కటే ఉంటుంది, ఎత్తు అయినా కావాలి, దూరం అయినా కావాలి. ఇలాంటిచోట కోడు రాసేవాళ్లు ఏదో సర్దుబాటు చేస్తారు. దాంతో తెర మీద గీత ఛార్టు బొమ్మలా కనిపించదు.

ఇక మీ వాడి మూడు సందేహాలు. పేరు సంగతి తేలిక. ఛార్టులో దారి పేరంటే ఐదక్షరాల పాయింటు పేరు, దాని పక్కన ఒక అంకె, ఒక అక్షరం కలిపితే ఏడు. బాక్సులో ఆ పేరుకి ఉన్నవి ఆరు గళ్లే. అందుకని ఐదక్షరాల పేరులో ఒక అక్షరం ఎగిరిపోతుంది. సినిమా టికెట్టు మీద పేరు సగమే అచ్చయినట్టు. అంకె, చివరి అక్షరం ఛార్టుతో కలిశాయా లేదా అన్నది మాత్రం వేలు పెట్టి చూడాలి. అంకె మారిందంటే ఆ దారి మారిందని అర్థం, అది పాతదో కొత్తదో తేల్చుకోవాలి.

ఛార్టులో లేని పాయింట్లంటే, బోయింగ్ రకం తెర మీద బ్రాకెట్ల మధ్య 1500 అని కనబడేది పాయింటే కాదు. ఆ ఎత్తు ఎక్కడ అందుతుందో బాక్సు వేసుకున్న అంచనా. ఎండాకాలం మధ్యాహ్నం నిండా జనంతో లేస్తే అది దూరం జరుగుతుంది, డిసెంబరు పొద్దున ఖాళీగా లేస్తే దగ్గరికొస్తుంది. డి అక్షరంతో మొదలై మధ్యలో అంకెలుండే పేర్లు కూడా కొన్ని ఉంటాయి. అవి బాక్సు సౌకర్యం కోసం పెట్టుకున్న పాయింట్లు, కింద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్‌కి ఆ పేరు చెబితే ఆయనకి తెలియకపోవచ్చు.

డిగ్రీల తేడా అయస్కాంతం వల్ల. ఛార్టు మీద దిక్కులు దిక్సూచి ఉత్తరాన్ని బట్టి రాస్తారు, అసలు ఉత్తరానికీ దానికీ ఉన్న తేడా ఏడాదికి కొంత జరుగుతూ ఉంటుంది. ఛార్టు ఒక ఏడాది లెక్క వాడితే బాక్సు తన లోపల ఉన్న పట్టిక వాడుతుంది. మన దక్షిణాదిలో అసలు ఆ తేడాయే తక్కువ కాబట్టి పెద్దగా తెలియదు. శాటిలైట్ నావిగేషన్ మీద నడిచే డిపార్చర్లలో, అంటే టేకాఫ్ తర్వాతి దారుల్లో, 3 డిగ్రీల వరకూ తేడా ఈ కారణంగా రావచ్చని అంతర్జాతీయ నియమాలే ఒప్పుకుంటాయి. నేల మీద విమానం పోయే గీత మాత్రం ఒకటే.

మరి కారణం లేని తేడా ఏది? పాయింట్ల వరస మారడం. ఛార్టులో ఎడమ, బాక్సులో కుడి. ఛార్టులో ఉన్న ఎత్తు బాక్సులో లేకపోవడం, లేక వేరే ఉండడం. వీటిలో ఏది కనబడినా ఛార్టుదే, ఛార్టుని మార్చిన నోటీసు ఉంటే ఆ నోటీసుదే, పై మాట. ఆ దారిని బాక్సు మీద పోకూడదు. పోనీ మనమే అక్షాంశ రేఖాంశాలు టైపు చేసి సరిచేసుకుందామంటే శాటిలైట్ డిపార్చర్లలో అదీ కుదరదు. కంట్రోలర్‌కి చెప్పి వేరే దారో, ఆయన రాడార్‌లో చూస్తూ చెప్పే దిక్కులో అడగాలి. తర్వాత కంపెనీకి రాసి ఇవ్వాలి.

ఇప్పుడు గురువారం సంగతి. ప్రపంచమంతటా ఈ డేటా 28 రోజులకొకసారి, ఒకే రోజున మారుతుంది. దీన్ని ఎయిరాక్ అంటారు. అది ఎప్పుడూ గురువారమే, గ్రీనిచ్ లెక్కలో సున్నా గంటలకి, అంటే మనకి పొద్దున అయిదున్నర. ఏడాదికి 13 సార్లు, 2020లో మాత్రం 14 వచ్చాయి. తిరుమల కొండ మీద గురువారమంటే నేత్ర దర్శనం, నామం సన్నం చేసి స్వామి కళ్లు కనబడేలా ఉంచుతారు. నాకు గురువారమంటే వేరే టెన్షన్. బాక్సులో పాత డేటా, కొత్త డేటా రెండూ ఉంటాయి. ఆ పొద్దున మొదటి ఫ్లైటు పైలట్ నేల మీదే తేదీల పేజీ తెరిచి కొత్తదాన్ని పైకి తేవాలి. మరిచిపోతే చేతిలో ఈ నెల ఛార్టు, బాక్సులో పోయిన నెల దారి. మేము చూసిన తేడాల్లో ఎక్కువ భాగం ఇదే, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటుంది.

అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి కూడా చెబుతాను. 2000 తర్వాత రోజులు. డేటా ఇంకా ఫ్లాపీల్లో విమానంలోకి ఎక్కేది. మాకు ఛార్టులు ఒకరి దగ్గర్నుంచి, బాక్సు డేటా వేరొకరి దగ్గర్నుంచి వచ్చేవి. రెండూ పోల్చి తేడాలుంటే పైలట్లకి ముందే నోటు ఇవ్వడం నా పని. బుధవారం రాత్రి పదకొండు గంటలు. ఒక ఊరి డిపార్చర్‌లో రెండో పాయింటు దగ్గర దాటాల్సిన ఎత్తు కొత్త ఛార్టులో 6000 అయింది. బాక్సు డేటా అప్పటికే మూసేశారు, అందులో పాత 4000 అలాగే ఉంది. నేను ఆ వరస చూశాను. పేరు చూశాను, పాయింటు చూశాను, ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. ఎత్తు చూడలేదు.

తెల్లారి ఆరు దాటాక ఫోను. కెప్టెన్ గొంతులో కోపం లేదు. "ఏమండీ, ఛార్టులో ఆరు వేలు ఉంది, నా బాక్సులో నాలుగు వేలు. ఇందులో ఏది మీది?" అన్నాడు. విమానం ఇంకా గేటు దగ్గరే ఉంది. కో-పైలట్ బాక్సులోది పైకి చదువుతుంటే ఈయన ఛార్టు మీద వేలు కదుపుతూ వచ్చాడట, వేలు అక్కడ ఆగింది. కంట్రోలర్‌ని అడిగి రాడార్ దిక్కుల మీద లేచాడు, ఇరవై నిమిషాలు ఆలస్యంగా. నేను ఫైలు తీసి చూస్తే టిక్కు నాదే, చక్కగా, తోక కూడా ఉంది. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఆ తర్వాత ప్రతి వరస కింద స్టీలు స్కేలు పెట్టి పైకి చదవడం అలవాటైంది. ఇంట్లో కరెంటు బిల్లు కూడా అలాగే చదువుతానని మా ఆవిడ నవ్వుతుంది.

మీ వాడికి చెప్పండి: చదివేది ఒకడు, చూసేది ఇంకొకడు కావాలి. సిమ్యులేటర్‌లో కూడా.

ప్రశ్న: మాది తిరుచానూరు. రేణిగుంటలో లేచిన విమానాలు ఒక్కోరోజు దగ్గరగా తిరుగుతాయి, ఒక్కోరోజు ఎక్కడో దూరంగా. అన్నిటికీ ఒకే దారి ఉంటుందని మా అల్లుడు అంటాడు. ఎవరిది నిజం?
— ఒక గృహిణి, తిరుచానూరు

జవాబు: ఇద్దరిదీ అమ్మా. మొదట గాలి. రేణిగుంట రన్‌వేకి రెండు కొసలకి రెండు పేర్లు, 08, 26. 08 అంటే ఇంచుమించు 80 డిగ్రీలు, తూర్పుకి లేవడం. 26 అంటే పడమటికి, కొండల వైపు. గాలి ఎటుంటే దానికి ఎదురుగా లేస్తారు. అప్పుడే దారి సగం మారిపోయింది.

తర్వాత ఎత్తు. ఫలానా ఎత్తు అందాక తిరుగు అని దారిలో ఉందనుకోండి. విమానం మైలుకి 600 అడుగులు ఎక్కితే వెయ్యి అడుగులు ఎక్కేసరికి మూడు కిలోమీటర్లు పోతుంది. మైలుకి 200 అడుగులే ఎక్కితే తొమ్మిది కిలోమీటర్లు దాటుతుంది. ఇవి సముద్రపు మైళ్లు, మన మైలు కంటే పెద్దవి. రెండూ అదే ఛార్టు పాటించినట్టే, మలుపు మాత్రం ఒకటి ఒక ఊరి మీద, ఇంకొకటి ఇంకో ఊరి మీద.

మలుపు కూడా ఒకేలా ఉండదు. 25 డిగ్రీలు ఒరిగి 180 నాట్ల వేగంతో, అంటే గంటకి 180 సముద్రపు మైళ్లతో, తిరిగితే గుండ్రం అర్ధవ్యాసం రెండు కిలోమీటర్ల లోపు. 250 నాట్లయితే మూడున్నర. ఛార్టు మీద మాత్రం ఒకే ఒక్క సన్న గీత. కొన్ని పాయింట్లకి ముందే తిరగడం మొదలుపెడతారు, ఘాట్‌లో బస్సు డ్రైవరు మలుపు రాకముందే స్టీరింగు తిప్పినట్టు. ఛార్టులో చుట్టూ గుండ్రం గీసిన పాయింట్లయితే వాటిని దాటి వెళ్లాకే తిరగాలి. వీటన్నిటి పైన, కంట్రోలర్ "నువ్వు నేరుగా పో" అన్నాడంటే ఆ రోజుకి దారే లేదు. మీ అల్లుడికి కాఫీ ఇచ్చి ఇది చదివించండి.

ప్రశ్న: కాగితంలో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి ఉండడం వల్ల నిజంగా ప్రమాదాలు జరిగాయా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: జరిగాయి మాస్టారూ. 1995 డిసెంబరు 20 రాత్రి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965, బోయింగ్ 757, మయామీ నుంచి కొలంబియాలోని కాలీకి. దిగే దారిలో విమానాలకి దారి చూపే రోజో అనే రేడియో స్టేషన్. ఛార్టులో దాని గుర్తు ఆర్ అనే ఒక్క అక్షరం. పైలట్ బాక్సులో ఆర్ అని కొట్టాడు. వచ్చిన జాబితాలో మొదటిది రోమియో, ఎక్కడో బొగోటా దగ్గరున్న స్టేషన్. రోజో అందులో లేదు, బాక్సులో అది పూర్తి పేరుతో ఉంది. మొదటిదే మనదని నొక్కారు. చీకట్లో విమానం ఎడమకి, కొండల వైపు తిరిగింది. 163 మందిలో 159 మంది పోయారు. తర్వాత మయామీ కోర్టులో జ్యూరీ తప్పుని పంచింది: విమాన సంస్థకి 75 శాతం, డేటా తయారుచేసిన జెప్సెన్‌కి 17, కంప్యూటర్ చేసిన హనీవెల్‌కి 8. మా ఆఫీసులో ఈ అంకెలు ఒక చీటీ మీద రాసి గోడకి అంటించాం. పదిహేడు శాతం అంటే డేటా పని వాళ్ల వాటా.

1979 నవంబరు 28న అంటార్కిటికా చూపించడానికి వెళ్లిన ఎయిర్ న్యూజిలాండ్ డిసి-10ది ఇంకో కథ. ముందు రోజు రాత్రి కంప్యూటర్‌లో ఒక పాయింటు అంకెలు మార్చారు, పైలట్లకి చెప్పలేదు. వాళ్లు సముద్రం మీదుగా పోతున్నామనుకున్నారు. ఎదురుగా ఎరెబస్ కొండ. 257 మంది. దీని మీద విచారణలో తప్పెవరిదన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. నేను మాత్రం "చెప్పలేదు" అన్న మాట దగ్గరే ఆగిపోతాను. మార్చడం తప్పు కాకపోవచ్చు, సరిచేయడానికే మార్చి ఉండొచ్చు.

ప్రశ్న: నేను బీఎస్సీ రెండో సంవత్సరం, మ్యాథ్స్. విమానం ఎక్కలేదు, కళ్లజోడు పవర్ ఎక్కువ. ఈ డేటా తయారు చేసే పనిలో మాలాంటివాళ్లకి చోటుంటుందా?
— ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: ఉంటుంది తల్లీ. నేను కూడా ఉద్యోగంలో చేరే దాకా విమానం ఎక్కలేదు. పైలట్‌కి ఉండే మెడికల్ రూళ్లు దీనికి లేవు. దేశంలో ఎయిర్‌పోర్టుల సమాచారమంతా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రచురిస్తుంది, ఏఐపీ అంటారు. ఇంటర్నెట్‌లో చూడొచ్చు. దాన్ని తీసుకుని కోడు చేసే కంపెనీలు ప్రపంచంలో కొన్నే. అక్కడి నుంచి బాక్సు తయారీదారు దగ్గరికి, అక్కడి నుంచి విమాన సంస్థకి, చివరికి విమానంలోకి. ఇన్ని చేతులు మారే ప్రతిచోటా పోల్చి చూసేవాళ్లు కావాలి. గోళం మీద త్రికోణమితి బాగా చదువు. మ్యాప్ చూసే సరదా ఉండాలి.

ఈ వ్యాపారం మొదలైందే ఒక నోటుబుక్కుతో. 1930ల్లో అమెరికాలో ఉత్తరాలు మోసే పైలట్ ఎల్‌రే జెప్సెన్ దిగిన ప్రతి మైదానం పొడవు, చుట్టూ ఉన్న స్తంభాలు, కొండలు రాసి పెట్టుకునేవాడు. తోటి పైలట్లు అడిగితే కాపీకి పది డాలర్లు తీసుకుని అమ్మాడు. 1934లో కంపెనీ అయింది. నువ్వు కూడా ఒక పని చెయ్యి. ఏఐపీలో ఏదో ఒక డిపార్చర్ తీసి, అందులోని వాక్యాన్ని పైన చెప్పిన ముక్కలుగా విడగొట్టి నాకు పంపు. తప్పులుంటే ఎర్ర పెన్సిల్‌తో దిద్ది పంపుతాను.

ప్రశ్న: ఫోన్ మ్యాప్ నన్ను దిగే ఘాట్ రోడ్డులో ఎక్కమంది. విమానం కంప్యూటర్‌ కూడా ఇలా చేస్తుందా?
— టాక్సీ డ్రైవరు, అలిపిరి

జవాబు: మీ ఫోన్ మ్యాప్ గంటగంటకీ మారుతుంది, ఎవరు మార్చారో మీకు తెలియదు. విమానంలోది 28 రోజులు కావాలనే కదలకుండా ఉంచుతారు, ఆ రోజు గాల్లో ఉన్న అందరి దగ్గరా, కింద కంట్రోలర్ దగ్గరా ఒకటే ఉండాలని. మధ్యలో మార్పొస్తే నోటీసు కాగితం వస్తుంది. ఇక ఘాట్ సంగతి: 1944 నాటి రోడ్డు దిగడానికి, 1974 నాటిది ఎక్కడానికి. ఇది ఏ శాటిలైటూ మార్చలేదు. అలిపిరి చెకింగ్ దగ్గర నిలబడే మనిషి చెయ్యి ఎటు చూపిస్తే అటు పోండి.